జగిత్యాల సీమలో గుఱ్ఱపు స్వారి

జగిత్యాలలో నక్షత్రాకారమున నిర్మింపబడిన రాతికోటను చూడవచ్చువారు దాని కందకమును, కోణములు దేరిన బురుజులను, ఎండవానలకు ఓర్చి మిగిలిన ఫిరంగులను చూచి, పాశ్చాత్యుల దుర్గనిర్మాణచాతుర్యమును మెచ్చుకొని వెడలిపోవుదురే గాని, ఆ కోటను కట్టించిన ప్రభువునకు నిజమైన బలము రాతిగోడలలో గాక లాయములలో కట్టువడి యుండెనను సంగతిని తలచువారు అరుదు. జఫరుద్దౌలా బిరుదము వహించిన ఇబ్రహీంఖాన్ ధంసా దీనిని 1747లో ఫ్రెంచి ఇంజనీర్లచే కట్టించెనని గెజెటీరు చెప్పుచున్నది. బుస్సీ వెంట ఫ్రెంచి సేన దక్కను కొలువునకు వచ్చినది 1751లో గనుక, అంతకు నాలుగేండ్ల ముందే ఫ్రెంచివా రిచ్చట పనిచేసిరనుట కొంత తొందరపాటు మాట యని నాకు తోచును. పునాది ఆ యేట పడి, పని ఏండ్లతరబడి సాగినదనుకొన్నచో చిక్కు విడిపోవును. అది యెట్లున్నను, పదునెనిమిదవ శతాబ్దపు దక్కనులో ఒక సరదారుని స్థానమును అతని వెంట నడచు గుఱ్ఱముల లెక్కనుబట్టి నిర్ణయించెడివారు. జాగీరు లభించుటయు, లభించినది నిలుచుటయు ఆ లెక్కమీదనే ఆధారపడి యుండెను. ఎల్గందల, నిర్మల, జగిత్యాల కోటల నడుమ నున్న ఈ నేలమీద అంతమంది రౌతులు తిరుగాడినచో, వారికి స్వారి నేర్పినవారెవరు, నేర్చుకొనుటకు వారేల వచ్చిరి, వారిని రప్పించిన దేది యను ప్రశ్న సహజముగా పుట్టును. ఇది కేవలము చరిత్రకారుల కుతూహలమునకు సంబంధించిన ప్రశ్న కాదు. నేడు పట్టణముల శివారులలో చిన్న చిన్న స్వారిబడులు పెట్టుకొన్నవారి మొదటి చిక్కు గుఱ్ఱమును గాదు, దాణాయును గాదు. నేర్చుకొన వచ్చువాడు దొరకుటయే.

జగిత్యాలకు చేరువనున్న పొలాస పూర్వము పొలవాస యను పేర ఒక చిన్న రాజ్యమునకు ముఖ్యస్థానము. ఆ పొలవాస మేడరాజును, నగునూరి డొమ్మరాజును కాకతి రుద్రదేవుడు జయించిన వృత్తాంతము 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున చెక్కబడి యున్నది. కాకతీయుల కొలువులో గుఱ్ఱములను పోషించి, దిద్ది, యుద్ధమునకు సిద్ధపరుచు అధికారులకు సాహిణులని పేరు. గణపతిదేవుని కాలమున దక్షిణ సీమలలో విశాలప్రాంతమును పాలించిన కాయస్థ గంగయసాహిణి ఆ పదమును తన పేరులోనే ధరించి సామంతపదవి నలంకరించెను. అశ్వశాస్త్రము సంస్కృతమున శాలిహోత్రుని పేరను, నకులుని పేరను ప్రచారములో నుండగా, తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను గూర్చి పద్యగ్రంథము రచించెను. అయినను ఇట్టి గ్రంథములు గుఱ్ఱమును కొనువానికి ఉపకరించినంతగా ఎక్కువానికి ఉపకరింపవు. సుడులను చూచి శుభాశుభములు నిర్ణయించుట పుస్తకముచే సాధ్యము. తొడల బిగువుచేతను, వాగె సడలింపుచేతను తన యిచ్ఛను గుఱ్ఱమునకు తెలుపుట పుస్తకముచే సాధ్యము గాదు. అమరకోశము వల్లించిన మన పూర్వపు బాలురందరును ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను అయిదు అశ్వగతులను నిద్రలో లేపి అడిగినను తడబడక చెప్పగలిగియుండిరి. వారిలో ఒక్కమారైనను జీనుమీద కూర్చున్నవారెందరో వేరుగ చెప్పనక్కర లేదు.

విద్యకు ముందు గుఱ్ఱము కావలెను. యుద్ధమునకు తగిన ఉన్నతాశ్వము నాడు అరబ్బు, పారసీక దేశముల రేవులనుండి ఓడలపై రావలసియుండెను. కాబట్టి గుఱ్ఱమును గూర్చిన బేరసారముల చరిత్రయే స్వారిచరిత్రలో సగము. దక్షిణదేశమును గూర్చి వ్రాసిన మార్కో పోలో ఒక విచిత్రమైన సంగతి చెప్పినాడు: ఇచ్చటివారికి గుఱ్ఱములను సాకు విధము తెలియదట, వచ్చిన గుఱ్ఱములలో అనేకము ఏడాది తిరుగకమునుపే చచ్చునట, లాడములు కొట్టువారిని మాత్రము ఆ వర్తకులు పట్టుబట్టి ఇటు రానిచ్చెడివారు కారట. గుఱ్ఱ మెంత త్వరగా చచ్చిన అంత త్వరగా క్రొత్తది అమ్ముడుపోవును గదా! కొనువానిని అజ్ఞానమున నుంచి బేరము పెంచుకొను ఈ యుక్తి వర్తకశాస్త్రమున మిక్కిలి ప్రాచీనమైనది, ఇంకను అంతరింపనిది.

విజయనగర ప్రభువులు ఇందుకు విరుగుడుగా కొనువాని ఉదారతను ప్రయోగించిరి. సాళువ నరసింహుడు వేయి వరహాలకు మూడు గుఱ్ఱముల చొప్పున, బ్రదికి వచ్చినను చచ్చి వచ్చినను కొనెడివాడనియు, సముద్రముమీద చచ్చినదానికి తోక తెచ్చి చూపిన చాలుననియు పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసెను. తోకకు వరహాలిచ్చిన రాజును వెఱ్ఱివాడని నవ్వవచ్చును. కాని ఓడకెక్కించుటకు వెనుకాడు వర్తకుని భయము నంతటిని ఆ తోకతో అతడు తొలగించెను. కృష్ణదేవరాయలును ఆముక్తమాల్యద రాజనీతిలో, ఏనుగులను గుఱ్ఱములను దెచ్చు దూరద్వీపముల వర్తకులను ఆదరించి, వారి సరుకు పగవారి వాకిటికి పోకుండునట్లు చూచుకొనవలెనని హెచ్చరించియున్నాడు.

ఈ ఆదరమునకు లోపము కలిగినచో ఎంతటి యనర్థము పుట్టునో తెలంగాణమునకు అనుభవమే. పదునాలుగవ శతాబ్దమున బహమనీ సుల్తాను మహమ్మదుషా యొద్దకు కొందరు గుఱ్ఱపు వర్తకులు వచ్చి, ఆయనకొరకు తెచ్చుచున్న మేలి గుఱ్ఱములను త్రోవలో వేలంపట్టణమున తెలంగాణ రాజకుమారుడు వినాయకదేవుడు బలవంతముగ తక్కువ వెలకు తీసికొనెనని మొఱపెట్టుకొనిరని ఫిరిస్తా చెప్పుచున్నాడు. సుల్తాను అశ్వసేనతో బయలుదేరి, ముందుగా కొందరు ఆఫ్గనులను దొంగలచే దోచబడిన గుఱ్ఱపు వర్తకుల వేషమున పురద్వారమునకు పంపెను. కావలివారు వారి గోడు వినుచుండగనే సుల్తాను సేన దుమ్ములేపుకొని వచ్చినది. తలుపులు మూయబోయినవారిని ఆ కపటవర్తకులే అడ్డుకొనిరి. రాజకుమారుడు పట్టుబడి, నాలుక కోయబడి, యంత్రముచే మండుచున్న అగ్నిలోనికి విసరివేయబడెను. ఫిరిస్తా సుల్తానుల పక్షమున వ్రాసినవాడు. వివరములలో అతిశయోక్తి యుండవచ్చును. అయినను గుఱ్ఱపు వర్తకుడను మాట వినగానే కోటతలుపు తెరువబడు కాలమొకటి యుండెనని మాత్రము ఇందువలన స్పష్టమగుచున్నది.

ఇక ఇబ్రహీంఖాను నాటి స్వారివిద్య సంగతి. ఆనాడు గుఱ్ఱపు కొలువు రెండు తెరగులు: స్వంత గుఱ్ఱమును, ఆయుధమును తెచ్చుకొనువాడు సిలాదారు, ఒరుల గుఱ్ఱముపై కూర్చుండి జీతము తీసికొనువాడు బారుగీరు. సిలాదారుని కొడుకు తండ్రి గుఱ్ఱముమీదనే నేర్చుకొనెను. బారుగీరు కాదలచినవాడు ఏదో ఒక సరదారుని లాయమును ఆశ్రయింపవలసినదే. స్వారిబడి యను పేరుతో ఒక పాకయు లేకున్నను, ప్రతి లాయమును ఒక బడియే. కోడెగుఱ్ఱములను మచ్చిక చేసి నడక దిద్దు చాబుకుసవారు అందు గురువు, సాయీసు ఉపగురువు. నేర్చుకొన వచ్చినవానికి మొదట గుఱ్ఱము నీయరు; పారయు ఖరారాయు నిత్తురు. లద్దె యెత్తుట, మాలీసు చేయుట, ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు పెట్టుట, గిట్ట యెత్తి రాళ్లు తీయుట తెలిసిన పిమ్మట, జీను లేని వీపుమీద గొంగడి మాత్రము పరచి, పొడుగు త్రాడుతో గుండ్రముగ త్రిప్పుదురు. జీను ముందుగా నిచ్చినచో శిష్యుడు జీనును నమ్ముకొనును గాని తొడలను నమ్ముకొనడు. రుసుమన్నది లేదు, ఏలయన శిష్యుని చాకిరియే రుసుము. ప్రచారమన్నది లేదు, ఏలయన లాయము వెలుపల ఆకలి యున్నది, లోపల జీత మున్నది. వచ్చినవానిని వడగట్టుటయే గురువునకు పని, పిలుచుట గాదు.

బ్రిటిషువారి అధికారము స్థిరపడిన పిమ్మట ఈ కొలువులు క్రమముగ సన్నగిల్లెను. హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములు 1903లో భారతసేనలో కలిసి దక్కను హార్సు మొదలైన పేర్లతో సాగెను. నిజాము పక్షమున ఏర్పడిన ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధమున ఈజిప్టునకును, పాలస్తీనాకును పోయి, మైసూరు, జోధపురము లాన్సర్లతో ఒకే బ్రిగేడున పనిచేసిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములలో ఒకటి ఆ హైదరాబాదు రౌతునకు గురుతు.

సైన్యము విడిచిన గుఱ్ఱమును కచేరి యెక్కినది. నిజాము దివానైన మొదటి సాలారుజంగు 1865లో జిలాబందీ యను జిల్లాల పద్ధతి నేర్పరచి, తాలూకాదారులను, తహసీలుదారులను నియమించిన పిమ్మట, దౌరా యనునది సర్కారు నౌకరికి నిత్యకృత్యమయ్యెను. ఎల్గందల జిల్లా 1905లో కరీంనగరు జిల్లాగ పేరు మారినను, రోడ్లు మారలేదు. వానకాలమున జగిత్యాలనుండి ధర్మపురికి గాని, సిరిసిల్లనుండి వేములవాడకు గాని పోవలసిన అధికారికి ఎడ్లబండియైనను కావలెను, గుఱ్ఱమైనను కావలెను. పెద్ద అధికారికి పెద్ద గుఱ్ఱము, గిర్దావరునకు పొట్టి తట్టువు. కలిగిన పట్వారియు తట్టువు నెక్కి, కోరుట్లలో తయారగు ముతక కాగితముల లెక్కపుస్తకములను సంచిలో పెట్టుకొని జమాబందికి పోవుట ఆనాటి వాడుక. ఆ కాగితమునకు పట్వారులే ముఖ్యమైన గిరాకి. ఈ తరగతివారు స్వారిని విద్యగా నేర్వలేదు. పడుచు లేచుచు నేర్చిరి. తట్టువు కూడ సాధారణముగ అధికారికంటె నిదానము గలదియే.

అయితే ఈ కచేరి గుఱ్ఱమునకు మేత యెవరు పెట్టిరి? దౌరాకు వచ్చిన అధికారి గుఱ్ఱమునకు గడ్డి కోసి తెచ్చుటయు, నీళ్లు మోయుటయు, దాణా సమకూర్చుటయు ఊరి బీదవారిపై పడిన వెట్టి. దొరల గడులలో నిది నిత్యము. అధికారుల మకాములలో నైమిత్తికము. వెట్టి బాధలకు విరుద్ధముగ పత్రికలలోను సభలలోను నిరంతరము వాదించిన మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవ ఆంధ్రమహాసభ 1935లో సిరిసిల్లలోనే జరిగినది. మగ్గపు గుంటలో కాళ్లుంచి బ్రదుకు పద్మశాలీల ఆ పట్టణమున గుఱ్ఱమనగా ఎక్కునది కాదు, ఎక్కినవాడు వచ్చినపుడు ప్రక్కకు తొలగవలసినది. ఈ సీమలో స్వారి సామాన్యుల ముచ్చటగా ఏల పరిణమింపలేదని అడుగువారు ఈ గడ్డిమోపును మరువరాదు. గుఱ్ఱము ఖరీదైనదగుటయొక్కటే కారణము గాదు. దాని గిట్టల చప్పుడునకు ఒక భయ మంటుకొని యుండెను.

కచేరి వలన స్వారికి మరియొక విధమైన గిరాకి యేర్పడెను. బ్రిటిషిండియా సివిల్ సర్వీసులో చేరువారు గుఱ్ఱపు స్వారి పరీక్షలో నెగ్గి తీరవలెను. మిగిలిన పరీక్షలన్నిట ఉత్తీర్ణుడైన అరవిందఘోషు 1892లో ఈ ఒక్క పరీక్షకు హాజరు గాక ఆ కొలువును పోగొట్టుకొనిన కథ జగద్విదితము. అతడు నిజముగ గుఱ్ఱమునకు వెఱచెనా, కొలువునకు వెఱచెనా యనునది వేరు విచారము. పరీక్ష యున్నంతకాలము స్వారి నేర్పువానికి శిష్యులకు కరవుండదు. హైదరాబాదు శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో నేటికిని శిక్షణార్థులు గుఱ్ఱ మెక్కవలసినదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి పోయి అట్టి కొలువు లందిన యువకులు జీవితములో మొదటిసారి కళ్లెము పట్టునది అచ్చటనే కావచ్చును.

1932 జూను 15న నిజాము రైల్వే రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో ఆరంభమయ్యెను. ఈ ఒక్క వాక్యముతో తట్టువు చరిత్రను ముగింపవచ్చును. రైలు జగిత్యాల, కోరుట్లలకు ఇరువదియొకటవ శతాబ్దమున గాని రాలేదు. అందుచేత గుఱ్ఱమును ఓడించిన కీర్తి యంతయు బస్సుదే. గడులలో మిగిలిన కొలది గుఱ్ఱములు దొరతనమునకు అలంకారములుగ కొంతకాలము నిలిచినవి. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగి, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలితప్రాంతములుగ ప్రకటింపబడి, దొరలనేకులు పట్టణములకు తరలిపోయిన పిమ్మట ఆ అలంకారమునకును ఆస్కారము లేకపోయెను.

కాగా, ఈ సీమలో స్వారి నేర్చుటకు జనులు తమంత తాముగ వచ్చిన కాలమొకటి యుండెనని నేననుకొనను. జీతము వారిని ఎక్కించినది, బాట లేమి యెక్కించినది, పరీక్ష యెక్కించినది. ఈ మూడును తొలగినపుడు గురువు శిష్యుని వెదకుకొనవలసి వచ్చును. ఆ వెదకుట యెట్లో ప్రపంచమునకు మొట్టమొదట చూపినవాడు ఒక ఆంగ్లేయ సిపాయి.

ఫిలిప్ ఆస్ట్లీ అశ్వదళమున సార్జెంటు మేజరుగ పనిచేసి, కొలువు విడిచిన పిమ్మట 1768లో లండను నగరమున లాంబెత్ ప్రాంతమున ఒక స్వారిబడి పెట్టెను. అప్పటికి లండనులో స్వారిబడులు లేకపోలేదు. ఘనవంశీయులు పాత పేరుగల గురువుల యొద్దకు పోవుదురే గాని ఈ సిపాయి యొద్దకు రారు. అందుచేత ఆస్ట్లీ ఉదయము పాఠము చెప్పి, మధ్యాహ్నము తానే గుఱ్ఱముమీద నిలిచి, దూకి, కత్తి త్రిప్పి, వచ్చిపోవువారికి చూపసాగెను. గుఱ్ఱము సరళరేఖలో గాక వలయమున పరుగెత్తినచో, వీపుమీద నిలిచినవానికి పట్టు చిక్కునని అతడు గ్రహించి, క్రమముగ ఆ వలయమునకు 42 అడుగుల వ్యాసము ఏర్పరచెను. నేటికిని సర్కసు రంగముల కొలత యిదియే. చూడవచ్చినవారిలో కొందరు నేర్వవచ్చిరి; చూచుటకే వచ్చినవారు అంతకంటె ఎక్కువగుటచే, బడి కొంతకాలమునకు సర్కసుగ మారిపోయెను. శిష్యులకొరకు వేసిన వల ప్రేక్షకులను పట్టినదన్నమాట.

ఇట్టిదే మన దేశమునను జరిగినది. మహారాష్ట్రమున కురుంద్వాడు సంస్థానాధీశుని లాయమునకు అధికారియైన విష్ణుపంత్ ఛత్రే 1879లో బొంబాయిలో కియారినీ యను ఇటలీవాని సర్కసును చూచి, భారతీయులకు ఇట్టి విద్య యలవడుటకు ఇంకను కాలము పట్టునని ఆ దొర యనిన మాటకు రోషపడి, మరుసటి యేటనే తన సర్కసును నెలకొల్పెను. తెలుగునాట కోడి రామమూర్తి నాయుడు విజయనగరమున సర్కసు పెట్టి దేశమంతయు తిరిగెను. ఆయన బాహుబలమును తెలుగువారు నేటికిని చెప్పుకొందురు గాని, స్వారిబడి కడుపున పుట్టిన సంతానమే సర్కసని తలచువారు లేరు.

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో గుఱ్ఱము కనబడు చోటు పెండ్లి బరాతు ఒక్కటియే. పెండ్లికొడుకు జరీ తలపాగతో కూర్చుండును. త్రాడు పట్టుకొన్నవాడు ముందు నడచును. డప్పులును, బ్యాండును, జనరేటరు దీపములును వెంట వచ్చును. ఆ గంటసేపు అతడు నేర్చునది జీను కొమ్మును గట్టిగా పట్టుకొనుట మాత్రమే. అయినను స్వారిబడికి మూలధనము ఈ పెండ్లిగుఱ్ఱము యజమాని యొద్దనే యున్నదని నా తలంపు. ముహూర్తములు లేని ఆషాఢ, భాద్రపద, పుష్యమాసములలో గుఱ్ఱము ఊరకే నిలిచియుండును. మేత మాత్రము మాఘమున తిన్నంతయే తినును. పుష్యమాసపు చల్లని యుదయములు నేర్చువానికిని, గుఱ్ఱమునకును అనుకూలమైనవి. చిక్కొకటి కలదు: పెండ్లిగుఱ్ఱము ఎంత చప్పుడునకైనను బెదరదు గాని, డప్పు వినగానే కాళ్లెత్తి ఆడుటకు మరిగినది, పసివారికి కావలసినది ఆటకత్తె గాదు, తిన్నగా నడచునది. కాబట్టి మరియొక నెమ్మదియైన తట్టువును సంపాదింపవలెను. నాందేడు జిల్లాలో మార్గశీర్షమాసాంతమున ఖండోబా జాతరకు మాలేగాములో సాగు గుఱ్ఱముల సంత ఇందుకు పేరుపడినది. జబ్బు చేసినచో కోరుట్లలోనే పశువైద్య కళాశాల యున్నది. లాడము కొట్టువాడు మాత్రము ఆ వీధిలోనే దొరకునని ఆశపడరాదు.

ఇక శిష్యులను రప్పించుటకు గోడలమీద వ్రాతలు, కరపత్రములు ఎంత పనికివచ్చునో చెప్పజాలను. ఆస్ట్లీ వలయము కోరుట్లలోని ఏ బడి ఆటస్థలమునందైనను పట్టును. ఆదివారము ఉదయము, ఎండ ముదురకమునుపే, అప్పటికే నేర్చిన నలుగురు పిల్లలను తోటిపిల్లలును తల్లులును చూచుచుండగా ఆ వలయమున త్రిప్పి, కోరినవారిని వలయపు అంచు దగ్గరకు రానిచ్చి, గుఱ్ఱము మూతికి చేతితో బెల్లపుముక్క పెట్టనీయవలెను. పిల్లలు ఎక్కెదమని గోల చేయుదురు. తల్లి అడుగు మొదటి ప్రశ్న "పడితే ఎట్ల?" అని. దానికి మాటతో సమాధానము చెప్పుటకంటె, త్రాడు ఎవరిచేతిలో నుండునో, తలకు టోపి యెట్లు కట్టుదురో, పిల్లవాడు దిగుటను ఎక్కుటకంటె ముందుగా నేర్చుట యెట్లో ఆమె యెదుట చేసి చూపుట మేలు. రుసుము మాట ఆ తరువాత ఆమెయే అడుగును.